కిడ్నీ రాయి కోత: ఒక నర్సింగ్ విద్యార్థినితో పన్నెండు వారాలు

జరిగింది

పొద్దున రౌండ్స్ అయిపోయి గంట కూడా కాలేదు. సర్జికల్ వార్డులో కిటికీ పక్క బెడ్ దగ్గర ఒకావిడ సంచి సర్దుతోంది. ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ ఇంకో చేత్తో భర్త చెప్పులు వెతుకుతోంది. ఆయనకు మరునాడే ఆపరేషన్. ఏమైందమ్మా అని అడగ్గానే బోరుమంది.

"రాళ్లు తీస్తరంటె తోల్కొస్తిని మేడం. ఇప్పుడేమో కిడ్నీనే తీసేస్తరంట. ఒక్క కిడ్నీతోని ఈయన ఎవుసం ఎట్ల జేస్తడు?"

"ఎవరు చెప్పిన్రమ్మా?"

"గా బిడ్డనే చెప్పింది. కాయితం చూసే చెప్పింది."

ఆ బిడ్డ మా విద్యార్థిని. నర్సింగ్ డిప్లొమా (జీఎన్ఎం) మొదటి సంవత్సరం. పేరు రాయను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. కేస్ షీట్ తెరిచి చూస్తే అక్కడ ఉన్న మాట ‘పర్‌క్యుటేనియస్ నెఫ్రోలిథోటమీ’. వీపు వైపు చిన్న రంధ్రం చేసి, చర్మం గుండా కిడ్నీలోకి గొట్టం పంపి, రాయిని పగలగొట్టి బయటికి తీస్తారు. వార్డులో అందరూ పీసీఎన్ఎల్ అంటారు. కిడ్నీ ఎక్కడికీ పోదు. డ్యూటీ డాక్టర్ వచ్చి కూర్చుని చెబితే గానీ ఆవిడ సంచి కింద పెట్టలేదు.

అమ్మాయిని పక్కకు పిలిచాను. తిట్టాలనే పిలిచాను, దాచడమెందుకు. కానీ ఆమె చెప్పిన జవాబు విన్నాక తిట్టడానికి నోరు రాలేదు.

"టమీ అంటే తీసేయడం కదా మేడం? అపెండెక్టమీ, టాన్సిలెక్టమీ, హిస్టరెక్టమీ... అన్నీ తీసేసేవే. నెఫ్రో అంటే కిడ్నీ."

"మరి మధ్యలో లిథో ఉంది కదా?"

"లిథోటమీ అంటే కాన్పు పొజిషన్ కదా మేడం. అట్ల పడుకోబెట్టి తీస్తరేమో అనుకున్న."

ఆమెకు తెలిసినవన్నీ కలిపి ఒక అర్థం కట్టింది. కట్టిన తీరులో తప్పు లేదు, చేతిలో ఉన్న ముక్కలే తప్పు. పైగా పీసీఎన్ఎల్‌లో మొదట రోగిని లిథోటమీ పొజిషన్‌లోనే పడుకోబెట్టి, తర్వాత బోర్లా తిప్పడం చాలాచోట్ల ఉన్న పద్ధతే. అంటే ఆమె ఊహ సగం నిజం కూడా! లిథోటమీ అంటే అసలు రాయి కోసం కోయడం. ఒకప్పుడు మూత్రాశయంలో రాళ్లు తీయడానికి రోగిని అలా పడుకోబెట్టేవారు కాబట్టి ఆ పొజిషన్‌కు ఆ పేరు వచ్చింది. కాన్పుల గదిలో ఆ మాట రోజూ వినే మా పిల్లలకు అందులో ఒక రాయి ఉందని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే. చెప్పలేదు.

నోట్‌బుక్ చూస్తే

మరునాడు ఆమె నోట్‌బుక్ తెప్పించుకున్నాను. ఇంటర్ బైపీసీ తెలుగు మీడియం. మర్రిగూడ వైపు పల్లె. నోట్‌బుక్ చాలా శుభ్రంగా ఉంది. ఎడమ పక్క ఇంగ్లిష్ స్పెల్లింగ్, మధ్యలో తెలుగు లిపిలో పలుకు, కుడి పక్క తెలుగు అర్థం. వందల మాటలు. రోజుకు ఇరవై చొప్పున బట్టీ పట్టిందట.

నలభై మాటలు రాసిచ్చి అర్థం చెప్పమన్నాను. సగం ఆమె నోట్‌బుక్‌లో ఉన్నవి, సగం లేనివి. ఉన్నవి గడగడా చెప్పింది. లేనివాటి దగ్గర పెన్ను కూడా కదల్లేదు. ‘గ్యాస్ట్రైటిస్’ తెలుసు, ‘ఎంటరైటిస్’ తెలుసు, రెండూ కలిసిన ‘గ్యాస్ట్రోఎంటరైటిస్’ తెలియదు. అది పుస్తకంలో ఇంకా రాలేదట.

ఇంకోటి కూడా కనిపించింది. మధ్య వరస, అంటే తెలుగు లిపిలో రాసుకున్న పలుకు, ఆమెకు సాయమూ చేస్తోంది, మోసమూ చేస్తోంది. ‘న్యుమోనియా’ అని రాసుకుంది కాబట్టి చక్కగా పలుకుతుంది. కానీ డిక్షనరీలో ‘ఎన్’ అక్షరం కింద వెతికి లేదని మూసేసింది. ముందున్న ‘పీ’ పలకదని, అదే కుటుంబంలోని ‘ఆప్నియా’లో ఆ ‘ప’ పైకొచ్చి వినపడుతుందని ఆమెకు తెలియదు. మింగలేకపోవడం, మాట్లాడలేకపోవడం అనే రెండు వేర్వేరు లక్షణాలు ఆమె పుస్తకంలో ‘డిస్ఫేజియా’ అని ఒకేలా ఉన్నాయి. గ్రీకులో మొదటిది తినడానికి సంబంధించిన మాట, రెండోది మాటకు సంబంధించిన మాట. ఇంగ్లిష్‌లో ఒక్క అక్షరమే తేడా. మన లిపిలో ఆ ఒక్కటీ పోయింది. చిన్నపేగు చివరి భాగమూ, తుంటి ఎముకా రెండూ ‘ఇలియం’. గర్భిణుల క్లినిక్‌ను అందరం ‘యాంటీనేటల్’ అంటాం. ‘యాంటీ’ అంటే వ్యతిరేకం కదా, కాన్పుకు వ్యతిరేకమా అని ఒక పిల్ల నిజంగానే అడిగింది. అది ‘ఆంటె’, లాటిన్‌లో ముందు అని అర్థం. పలకడంలో మనమే పాడుచేశాం.

ఎక్కడ మొదలుపెట్టాను

మెడికల్ టెర్మినాలజీ పుస్తకం ఏది తీసినా మొదటి పేజీలో ఒక సూత్రం ఉంటుంది: మాటను చివరి నుంచి చదవండి, తర్వాత మొదటికి రండి. పదహారేళ్లుగా నేనూ అదే చెబుతున్నాను. పిల్లలు తలూపుతారు, అయినా గందరగోళపడతారు. ఈ అమ్మాయితో కూర్చున్న మొదటి సాయంత్రమే నాకు వెలిగింది. ఆ సూత్రం ఇంగ్లిష్‌లో ఆలోచించేవాళ్ల కోసం రాసింది. వాళ్ల భాషలో ‘వాపు’ ముందొచ్చి ‘జీర్ణాశయం’ వెనకొస్తుంది. అందుకే తిప్పి చదవాలి. మనకు ఆ అవసరమేముంది? నెఫ్రో, లిథో, టమీ. కిడ్నీ, రాయి, కోత. ‘కిడ్నీ రాయి కోత’. ఉన్న వరసలోనే తెలుగు మాట తయారు. హెపటైటిస్ అంటే కాలేయ వాపు. ఆస్టియోమలేసియా అంటే ఎముక మెత్తబడటం. గ్రీకు సమాసంలో ప్రధానమైన మాట చివర ఉంటుంది, మన సమాసంలోనూ అంతే. పదో తరగతి తెలుగు పరీక్షలో విగ్రహవాక్యాలు రాసిన ఏ పిల్లకైనా ఈ పని వచ్చు. వచ్చని వాళ్లకు తెలియదు, అంతే.

ఆమెతో మొదట మూడే ముక్కలు పట్టుకున్నాను, ఎందుకంటే తప్పు జరిగింది అక్కడే. టమీ, ఎక్టమీ, ఆస్టమీ. ‘తోమే’ అంటే గ్రీకులో కోత. ఫిజిక్స్‌లో చదివిన ‘ఆటమ్’ గుర్తుచేశాను. ‘ఆ’ అంటే కానిది, ‘టమ్’ అంటే కోయడం. కోయలేనిది కాబట్టి పరమాణువుకు ఆ పేరు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "ఆ ‘ఆ’ మన అజ్ఞానంలో ‘అ’ లాంటిదా మేడం?" లాంటిది కాదు, అదే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

‘ఎక్’ అంటే బయటికి. కాబట్టి ఎక్టమీ అంటే కోసి బయటపడేయడం. ‘స్టోమా’ అంటే నోరు. స్టొమటైటిస్, అంటే నోటిపూత, ఆమెకు తెలుసు. కాబట్టి ఆస్టమీ అంటే కోసి నోరు పెట్టడం, దారి చేయడం. కొలాస్టమీలో పెద్దపేగుకు పొట్ట మీద ద్వారం పెడతారు. ఆమె తన మాటల్లో ఇలా రాసుకుంది: కోసుడు, కోసి తీసేసుడు, కోసి నోరు వెట్టుడు. నా నిర్వచనం కన్నా అదే బాగుంది, దిద్దలేదు. తర్వాత అడిగాను: నెఫ్రోటమీ, నెఫ్రెక్టమీ, నెఫ్రాస్టమీ. మూడింట్లో ఏ పేషెంట్ ఇంటికి ఒక్క కిడ్నీతో పోతాడు? చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "రెండోటాయన. మూడోటాయనకు గొట్టం ఉంటది" అంది. తర్వాత, "ఆ పెద్దమ్మకు సారీ చెప్పాలె" అంది.

సంధి కూడా అలాగే దారికొచ్చింది. ముక్కల మధ్య వచ్చే ‘ఓ’ అతుకు లాంటిది. గ్యాస్ట్రోకు ఐటిస్ చేరితే ‘ఓ’ పడిపోయి గ్యాస్ట్రైటిస్ అవుతుంది. ఊరు, అంతా కలిస్తే ఊరంతా అయినట్టే. కానీ రెండు అవయవాల పేర్లు కలిస్తే అచ్చు ఎదురైనా ‘ఓ’ నిలబడుతుంది. గ్యాస్ట్రోఎంటరైటిస్‌లో చూడండి. ‘మా అమ్మ’ అన్నప్పుడు మనం ఏ అచ్చునూ పోగొట్టం కదా, అట్లనే అన్నాను. పోలిక పూర్తిగా అతకదు, తెలుగు మాస్టారెవరైనా వింటే నన్ను బెంచీ ఎక్కిస్తారు. కానీ పని జరిగింది.

ఒకే అవయవానికి రెండు పేర్లెందుకు?

రెండో వారంలో ఆమె విసుక్కుంది. "కిడ్నీకి నెఫ్రో అన్నరు. మరి రీనల్ ఆర్టరీ ఏంది? ఊపిరితిత్తులకు న్యుమో అన్నరు, పల్మనరీ ఏంది? గర్భసంచికి హిస్టరో, మళ్ల యుటెరైన్. ఒకదానికి ఒక పేరు పెట్టి ఊకుంటే ఏం పోయె?"

సబబైన కోపం. యూరప్‌లో జబ్బులను గమనించి రాసిపెట్టిన తొలి వైద్యులు గ్రీకులు, హిప్పోక్రటీస్ సంప్రదాయం వాళ్లు. అందుకే జబ్బుల పేర్లూ ఆపరేషన్ల పేర్లూ ఎక్కువగా గ్రీకు. శరీరాన్ని కోసి చూసి భాగాలకు పేర్లు స్థిరపరిచిన యూరప్ పండితులు రాసింది లాటిన్‌లో. వెసాలియస్ శరీర నిర్మాణ గ్రంథం 1543లో అచ్చయింది లాటిన్‌లోనే. అనాటమీ పేర్లను అందరూ ఒకేలా వాడాలని 1895లో బాసెల్‌లో ఖరారు చేసిన పట్టిక కూడా లాటిన్‌దే. కాబట్టి మామూలుగా భాగం పేరు లాటిన్, దానికొచ్చిన రోగం పేరు గ్రీకు. రక్తనాళం రీనల్, వాపు నెఫ్రైటిస్.

ఇదంతా చెప్పినా ఆమె ముఖంలో మార్పు లేదు. అప్పుడడిగాను: పన్ను నొప్పి అంటావు, మరి పన్ను వైద్యుడని బోర్డు ఎందుకుండదు, దంతవైద్యుడనే ఎందుకుంటుంది? గుండెపోటు అంటాం, హృద్రోగ నిపుణుడు అంటాం. మనింట్లోనూ రెండు జతల మాటలున్నాయి. వాడకానికి ఒకటి, బోర్డు మీదికి ఒకటి. ఆమె నవ్వి, నోట్‌బుక్‌లో ఒక కొత్త పేజీకి నడిమధ్య గీత గీసింది. ఎడమ లాటిన్, కుడి గ్రీకు. డెంట్, ఓడాంట్. క్యుటిస్, డెర్మా. ఓక్యులస్, ఆఫ్తాల్మోస్. ఆ పేజీ తర్వాత మూడు పేజీలైంది.

రెండు పక్కలవీ కలిసిన మాటలూ ఉన్నాయి. సంస్కృత పదాన్నీ అచ్చ తెలుగు పదాన్నీ కలిపి సమాసం కడితే పండితులు వైరి సమాసం అని ముక్కు విరుస్తారు. వైద్యంలో అవి కోకొల్లలు. టాన్సిలెక్టమీలో టాన్సిల్ లాటిన్, ఎక్టమీ గ్రీకు. రోజూ వినే హైపర్‌టెన్షన్ కూడా అంతే. హైపర్ గ్రీకు, టెన్షన్ లాటిన్. "అందుకే బీపీ ఎక్కువైతది" అంది. ఆ రోజు నుంచి ఆమెతో కూర్చోవడం నాకు డ్యూటీలా అనిపించలేదు.

ఉపసర్పంచ్ పాఠం

మూడు, నాలుగు వారాల్లో సంస్కృతం బయటికి తీశాను. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పిన మాట ఇప్పుడు భాషాశాస్త్రంలో ఓనమాలు. తెలుగు ఆ కుటుంబానిది కాదు, ద్రావిడ భాష. కానీ మన పాఠ్యపుస్తకాల నిండా సంస్కృత పదాలే కాబట్టి, తెలుగు మీడియం పిల్ల తనకు తెలియకుండానే ఈ చుట్టరికాన్ని సంచిలో మోస్తుంటుంది. ఇంగ్లిష్ మీడియం పిల్లకు ఆ సంచి లేదు.

వార్డులో అన్నిటికన్నా ప్రమాదమైన జంట హైపర్, హైపో. ఫోన్‌లో వింటే రెండూ ఒక్కటే. షుగర్ పెరిగిందా, పడిపోయిందా అన్నది ప్రాణానికి సంబంధించిన తేడా. హైపర్‌కు సంస్కృతంలో చుట్టం ‘ఉపరి’. ఉపరితలం, పైన. హైపోకు చుట్టం ‘ఉప’. ఇక్కడ ఒక్క మాట చాలు: సర్పంచ్ కింద ఉపసర్పంచ్. క్లాసంతా గొల్లున నవ్వారు. ఆ తర్వాత ఆ బ్యాచ్‌లో ఎవరూ హైపోను ‘ఎక్కువ’ అనలేదు. ఇప్పటికీ హ్యాండోవర్‌లో "హైపో, ఉపసర్పంచ్" అని గొణుక్కునేవాళ్లు ఉన్నారు.

‘పెరి’ అంటే మన ‘పరి’. పరిసరాలు, చుట్టూ. పెరికార్డియం గుండె చుట్టూ ఉన్న పొర. ‘డిస్’ అంటే ‘దుస్’, ‘దుర్’. దుర్గంధం, దుస్థితి, డిస్ప్నియా అంటే ఊపిరి కష్టం కావడం. ‘ఆ’, ‘ఆన్’ అంటే మన ‘అ’, ‘అన’. అందుకే ఆ రోజు ఆమె అడిగిన ప్రశ్నకు ‘అదే’ అన్నాను. హెమీ, సెమీలకు సంస్కృతంలో ‘సామి’. స్ప్లీన్‌కు ప్లీహం. ఓంఫలోస్, అంబిలికస్‌లకు నాభి. నియోనేటల్ వార్డు బోర్డు మీద ఉన్నది మన ‘నవజాత’ మాటే. ‘నియో’ నవ, ‘నేట్’ జాత. రెండు ముక్కలకు రెండు ముక్కలూ చుట్టాలే. కోలెసిస్ట్, పిత్తాశయాలకు చుట్టరికం లేదు గానీ కట్టిన తీరు ఒకటే: పిత్తం, దాన్ని పట్టే సంచి. డయాబెటిస్ మెలిటస్‌లో ‘మెలిటస్’ అంటే తేనెలాంటి తీపి, మన మధుమేహంలో ‘మధు’కు అర్థమూ అదే.

మందుల చీటీ లాటిన్ ఒక్క గంటలో అయిపోయింది. ‘బిస్ డియే’ రోజుకు రెండుసార్లు, ‘టెర్’ మూడు, ‘క్వాటెర్’ నాలుగు. ద్వి, త్రి, చతుర్. ఏసీ, పీసీలు తిండికి ముందు, తర్వాత. ఎస్ఓఎస్ అంటే ప్రాణాపాయం అనుకునేది, అది ‘సి ఓపుస్ సిట్’, అవసరమైతేనే అని అర్థం. ‘బిస్ డియే’ను చీటీ మీద బీడీ అని కుదించి రాస్తారు. అక్కడ ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాను. పేషెంట్‌తో "ఇది బీడీ" అనకండి. మా వైపు అలా అంటే ఏమర్థమవుతుందో చెప్పనక్కర్లేదు. ఒక పెద్దాయన మాత్ర వేసుకుని, డాక్టరే చెప్పిండని బయటికెళ్లి బీడీ ముట్టించాడు.

కర్ణం

ఇక్కడి వరకు చదివి ఇదేదో మంత్రదండం అనుకోవద్దు. ఆరో వారంలో దెబ్బ తగిలింది.

కంటి వార్డు పోస్టింగ్‌కు ముందు చిన్న పరీక్ష పెట్టాను. ‘కార్నియల్ అల్సర్’ ఎదురుగా ఆమె ‘చెవిలో పుండు’ అని రాసింది. ఎందుకమ్మా అంటే, "కర్ణం కదా మేడం" అంది, గెలిచిన ముఖంతో. కార్నియా వచ్చింది లాటిన్ ‘కోర్ను’ నుంచి, అంటే కొమ్ము. కంటి ముందు పొర కొమ్ములా గట్టిగా, పారదర్శకంగా ఉంటుందని ఆ పేరు. కర్ణానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. తప్పు ఆమెది కాదు. వారం వారం చుట్టాలను పరిచయం చేసుకుంటూ పోయాను, చుట్టంలా కనిపించే పరాయివాళ్లు కూడా ఉంటారని చెప్పలేదు. బట్టీ పట్టిన రోజుల్లో తెలియని మాట దగ్గర ఆగేది. ఇప్పుడు ఆగడం మానేసి ఊహిస్తోంది. ఆగే పిల్లకన్నా ధైర్యంగా తప్పు చెప్పే పిల్ల వార్డులో ఎక్కువ ప్రమాదం. రెండు రోజులు నాకే టెన్షన్ పట్టుకుంది, నేను చేస్తున్నది మేలా కీడా అని.

‘అంతర్’ ఇంకో గొయ్యి. లాటిన్ ‘ఇంటర్’ అంటే మధ్య, ‘ఇంట్రా’ అంటే లోపల. మన అంతర్ రెండు పనులూ చేస్తుంది. అంతర్‌జిల్లా అంటే జిల్లాల మధ్య, అంతర్గతం అంటే లోపలిది. ఇంటర్‌కాస్టల్ పక్కటెముకల మధ్య, ఇంట్రామస్క్యులర్ కండరం లోపల. ఇక్కడ చుట్టరికం సాయపడదు, అడ్డుపడుతుంది. ఆ పేజీ కొట్టేయించాను. గ్రీకు, లాటిన్‌లలోనే కవలలున్నాయి. పీడియాట్రిక్స్‌లో ‘పీడ్’ గ్రీకు పిల్లలు, పెడల్‌లో ‘పెడ్’ లాటిన్ పాదం. ‘మయో’ కండరం, ‘మయెలో’ ఎముక మజ్జ కావచ్చు, వెన్నుపాము కావచ్చు. ఆస్టియోమయెలైటిస్‌లో మొదటిది, పోలియోమయెలైటిస్‌లో రెండోది. ఏది అన్నది ముక్క చూసి చెప్పలేం, రోగిని చూసే చెప్పాలి.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. విడదీసి వచ్చిన అర్థం పక్కన ఆమె ప్రశ్నార్థకం పెడుతుంది. డిక్షనరీలోనో టెక్స్ట్‌బుక్‌లోనో చూశాకే దాన్ని కొట్టేస్తుంది. పేషెంట్‌కు గానీ బంధువులకు గానీ ప్రశ్నార్థకం ఉన్న మాట చెప్పకూడదు. ఇది ఆమె కోసం పెట్టిన నియమం. ఇప్పుడు నాకూ వర్తిస్తోంది.

తాత నడుము

ఎనిమిదో వారం కమ్యూనిటీ పోస్టింగ్. మా జిల్లాలో ఫ్లోరైడ్ పాఠం పుస్తకంలో చదవాల్సిన పని లేదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే ‘నల్లగొండ టెక్నిక్’ అన్నీ పిల్లలకు నోటికొచ్చు. పేరు మోసిన జిల్లా మాది, ఎందుకు మోసిందో తలచుకుంటే సంతోషం లేదు.

ఆమె ఊళ్లోనే ఇళ్లకు వెళ్లాం. ఆమె తాత మంచం మీద కూర్చుని ఉన్నాడు. నడుము వంగి బిగుసుకుపోయింది, మెడ తిప్పలేడు, మమ్మల్ని చూడాలంటే మనిషంతా తిరగాలి. ఆమె కేస్ పేపర్ రాసుకుంది. ఎవరూ చెప్పకుండానే రాసిన మాటలు చూశాను. కైఫోసిస్, గూని. ఆస్టియోస్క్లెరోసిస్, ఎముక గట్టిపడటం. పక్కింటి మనిషికి మోకాళ్లు లోపలికి తాకుతున్నాయి, జెను వాల్గమ్. జెను దగ్గర ఆమె ‘జాను, ఆజానుబాహుడు’ అని రాసి ప్రశ్నార్థకం పెట్టి, కొట్టేసింది. చూసుకుందన్నమాట. వాల్గమ్ దగ్గర ప్రశ్నార్థకం అలాగే ఉంది. మంచిదే. ప్రాచీన లాటిన్‌లో ఆ మాటకు దొడ్డికాళ్లు అనే అర్థం ఉండేది, వైద్యంలోకి వచ్చాక సరిగ్గా ఎదురు అర్థంలో స్థిరపడింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగింది. "మేడం, ఫ్లోరోసిస్‌ల ఎముక ఏది?"

లేదు. ‘ఓసిస్’ గ్రీకు, ఒక స్థితి, రోగం. ‘ఫ్లోర్’ లాటిన్, ప్రవహించడం. ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజాన్ని లోహాలు కరిగించేటప్పుడు కలిపితే కరుగు సులువుగా పారుతుంది. అందుకే దానికి ఆ పేరు, అందులోంచి ఫ్లోరిన్, దాన్నుంచి ఫ్లోరోసిస్. ముక్కలు విడదీస్తే ‘పారుడు రోగం’. కదలలేక మంచం పట్టిన మనిషి రోగానికి! అందులో ఎముక లేదు, పల్లు లేదు, బోరు నీళ్లు లేవు. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, నేనూ ఇంకేం చెప్పలేదు.

మళ్లీ వార్డులో

పన్నెండో వారంలో మొదటి నలభై మాటల్లాంటివే ఇంకో నలభై ఇచ్చాను, ఈసారి ఒక్కటీ ఆమె నోట్‌బుక్‌లో లేదు. చాలావరకు విడదీసింది. రెండు చోట్ల తప్పింది, రెండు చోట్లా ప్రశ్నార్థకం ఉంది. స్పెల్లింగ్ మాత్రం ఇంకా ఇబ్బందే. ‘ఆర్’ రెండుసార్లొచ్చి ‘హెచ్’ దాక్కునే మాటలు, డయేరియా, హెమరేజ్ లాంటివి, ఇప్పటికీ తప్పు రాస్తోంది. దానికి నా దగ్గర చిట్కా ఏమీ లేదు, పదిసార్లు రాయించడమే. బట్టీని పూర్తిగా తీసిపారేయలేకపోయాను.

ఇదే పాఠాన్ని తర్వాతి బ్యాచ్‌లో ఇంగ్లిష్ మీడియం పిల్లలకు చెబితే సగమే పని చేసింది. ‘పరి’, ‘దుర్’ వాళ్లకూ కొత్తవే. ఉపసర్పంచ్ మాత్రం అందరికీ పనికొచ్చింది.

ఆ రైతూ ఆయన భార్యా కొన్ని వారాల తర్వాత డీజే స్టెంట్ తీయించుకోవడానికి వచ్చారు. కిడ్నీకీ మూత్రాశయానికీ మధ్య పెట్టిన సన్నని గొట్టం అది. సిస్టోస్కోపీ అని కేస్ షీట్‌లో ఉంది. ఆవిడ అమ్మాయిని చూడగానే గుర్తుపట్టి, "ఇగ ఈసారి ఏం తీసేస్తరు బిడ్డా?" అంది. వార్డులో నలుగురూ నవ్వారు. అమ్మాయి కూడా నవ్వి మంచం పక్కన కూర్చుంది.

"ఏం కొయ్యరు పెద్దమ్మా. సిస్టో అంటే ఉచ్చసంచి, స్కోపీ అంటే చూసుడు. లోపలికి కెమెరా వెట్టి చూసి, ఆ గొట్టం పట్టి గుంజుతరు. కిడ్నీ యాడిదాడనే ఉంటది." అని, నా వైపు చూసి, "డాక్టర్ సార్ గూడ వచ్చి చెప్తడు, ఆయనను గూడ అడుగు" అంది.

బయటికొచ్చాక నోట్‌బుక్ తీసి, "స్టెంట్ ఏ భాష మేడం? గ్రీకులోనూ చూసిన, లాటిన్‌లోనూ చూసిన, దొరకలే" అంది.

"అది మనిషి పేరు. స్టెంట్ అని ఇంగ్లండ్‌లో ఒక పళ్ల డాక్టర్ ఉండేవాడు. పళ్ల అచ్చు తీయడానికి ఆయన తయారుచేసిన పదార్థానికి ఆయన పేరే పడింది, తర్వాత దీనికి వచ్చింది."

ఆమె చివరి పేజీ తిప్పి, పైన ‘మనుషులు’ అని రాసి గీత కొట్టింది. కింద మొదటి పేరుగా స్టెంట్ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.